బోస్టన్‌లో మూతపడ్డ గుళ్లు: విచారణల విలీనం వెనుక కథ

2004 మే 25న అమెరికాలోని బోస్టన్ కతోలిక ఆర్చిబిషప్ షాన్ ఓమాలీ తన అగ్రపీఠంలోని (తన పాలన కిందున్న ప్రాంతంలోని) 357 విచారణల్లో 65 మూసేస్తున్నట్టు ప్రకటించారు. విచారణ అంటే ఒక ఫాదర్ కింద, సొంత గుడి (చర్చి)తో ఉండే విశ్వాసుల సంఘం. అక్కడి విశ్వాసులు పక్క విచారణల్లో కలిసిపోవాలి. ఫాదర్లు చాలడం లేదు, పూజకు వచ్చేవారు తగ్గారు, పాత కట్టడాల మరమ్మతులు మోయలేని భారమయ్యాయి అన్నారు. ఈ మూడూ నిజాలే. అయినా జనం ఎందుకంత గట్టిగా ఎదురుతిరిగారో తెలియాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి.

1840లలో ఐర్లండ్ కరువు నుంచి తప్పించుకుని వేలాదిమంది బోస్టన్ చేరారు. తర్వాత ఇటలీ, పోలండ్, లిథువేనియాల నుంచి కూలీలు వచ్చారు. అప్పట్లో బలిపూజ (మాస్) లాటిన్‌లోనే అయినా ప్రసంగం, పాపసంకీర్తనం (ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకోవడం) ఎవరి భాషలో వారికి కావాలి. అందుకే ఒకే పేటలో ఐర్లండ్ వాళ్లకో గుడి, ఇటలీ వాళ్లకో గుడి లేచాయి. వాటిలో చాలామటుకు కూలి డబ్బుల్లోంచి పోగైన చందాలతో కట్టినవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాళ్ల పిల్లలు శివారు ఊళ్లకు వెళ్లిపోయారు. గుళ్లు మిగిలాయి. లెక్కల్లో అవి ఎక్కువైనట్టు కనిపించినా, మిగిలిన కుటుంబాలకు అది తాతముత్తాతల కష్టార్జితం.

దీనిమీద మరో గాయం పడింది. పిల్లలపై లైంగిక అత్యాచారాలు చేసిన గురువులను (ఫాదర్లను) ఏళ్ల తరబడి కాపాడారని 2002లో బయటపడింది. ఆ డిసెంబరులో అప్పటి ఆర్చిబిషప్ కార్డినల్ బెర్నార్డ్ లా రాజీనామా చేశారు. మరుసటేడు బాధితులకు 8.5 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పందం కుదిరింది. అందుకోసం ఆర్చిబిషప్ నివాసాన్ని, దాని చుట్టూ ఉన్న భూమిని బోస్టన్ కాలేజీకి అమ్మారు. గుళ్లు మూయగా వచ్చే సొమ్ము ఆ పరిహారానికి వాడబోమని ఓమాలీ చెప్పారు. చాలామంది నమ్మలేదు, నమ్మకపోవడం వాళ్ల తప్పని నేననను. నమ్మకం అడుగంటిన రోజుల్లో త్యాగం చేయమని అడగడమే ఈ విలీనాన్ని దెబ్బతీసింది.

2004 ఆగస్టులో బోస్టన్ దగ్గరి వేమత్‌లోని సెయింట్ ఆల్బర్ట్ గుడిలో మూసివేతకు నిరసనగా విశ్వాసులు బైఠాయించారు. రాత్రిళ్లు బల్లల మీదే పడుకున్నారు. మరికొన్ని గుళ్లవాళ్లూ అదే బాట పట్టారు. సెయింట్ ఆల్బర్ట్‌ను మరుసటేడు తిరిగి తెరిచారు. సిచువేట్‌లోని సెయింట్ ఫ్రాన్సిస్ కబ్రీనీ గుడివాళ్లు మాత్రం వంతులు వేసుకుని పదకొండేళ్లకు పైగా కాపలా కాశారు. రోమ్‌కు పెట్టుకున్న అప్పీళ్లు వీగిపోయాయి, రాష్ట్ర కోర్టులు ఖాళీ చేయమన్నాయి, అమెరికా సుప్రీంకోర్టు కేసు వినడానికి ఒప్పుకోలేదు. 2016 మే 29న వాళ్లు చివరి ప్రార్థన చేసి బయటికొచ్చారు.

శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం ప్రకారం విచారణను ఏర్పరచినా రద్దుచేసినా ఆ అధికారం బిషప్‌దే, అయితే ముందు గురువుల మండలి అభిప్రాయం తీసుకోవాలి (515వ నిబంధన). గుడిని ఇతర అవసరాలకు మార్చడం వేరే సంగతి, దానికి బలమైన కారణం చూపాలి (1222). విచారణ పోయినంత మాత్రాన గుడి పోనక్కర్లేదు. జనం మొదటినుంచీ మొత్తుకున్నదీ ఇదే. 2013లో రోమ్‌లోని గురువుల వ్యవహారాల శాఖ ఈ తేడాను విడమరిచి చెబుతూ, విచారణ రద్దయిందన్న కారణం ఒక్కటే గుడి మూయడానికి చాలదని స్పష్టం చేసింది. కబ్రీనీ వాళ్లకు అది అక్కరకు రాలేదు.

మన పల్లెల్లో ఫాదర్ ఒక ఊళ్లో ఉంటే చుట్టుపక్కల ఊళ్ల గుళ్లను ఉపదేశులు (మతబోధ చేసే గృహస్థులు) నడుపుతారు. ప్రతివారం బలిపూజ జరగకపోయినా ప్రార్థన ఆగదు, ఆ ఊరి సంఘం చెదరదు. గురువులు తగ్గితే సంఘాలనే చెరిపేయాలన్న వాదన నాకు మింగుడుపడకపోవడానికి కారణం ఇదే. 2012 చివర్లో బోస్టన్ కూడా దారి మార్చుకుంది. 288 విచారణలను సుమారు 135 బృందాలుగా కలపాలని నిర్ణయించింది. ఒక్కో బృందానికి ఒకే విచారణ గురువు, ఒకే సిబ్బంది. విచారణల పేర్లు, ఆస్తులు మాత్రం ఎవరివి వారికే ఉంచారు.