గ్రిల్లో చెయ్యి దాటిన గ్రిల్లో పార్టీ: పసుపు కార్డు దగ్గర తిరిగిన మలుపు

ఇటలీలో ఫైవ్ స్టార్ మూవ్‌మెంట్ ఎవరిదన్న తగువు ఆరినట్టే ఆరి మళ్లీ రాజుకుంటోంది. పేరూ గుర్తూ తనవేనన్నది స్థాపకుడు బెప్పె గ్రిల్లో మాట. గ్రిల్లో పదవిని ఎత్తేస్తూ సభ్యులు ఒకటికి రెండుసార్లు ఓటేసి తేల్చిన విషయాన్ని ఇంకా తవ్వడమేమిటన్నది పార్టీ అధ్యక్షుడు జుజెప్పె కొంతే వర్గం మాట. 2027 పార్లమెంటు ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. ప్రధాని మెలోనీని ఎదుర్కోవడానికి వామపక్ష, మధ్యేవాద పార్టీలు కట్టుకుంటున్న కూటమిలో ఈ పార్టీ లేకుండా లెక్క తేలదు. అందుకే ఒక పార్టీ ఇంటి గొడవ దేశం గొడవ అయింది.

హాస్యనటుడు గ్రిల్లో, ఇంటర్నెట్ వ్యాపారి జాన్‌రొబెర్తో కజాలెజ్జో కలిసి 2009 అక్టోబర్ 4న మిలాన్‌లో ఈ ఉద్యమాన్ని ప్రారంభించిన కథ చాలామందికి తెలిసిందే. నేరం రుజువైనవాళ్లు చట్టసభల్లో ఉండకూడదు, ఎవరికీ రెండు దఫాలకు మించి పదవి వద్దు, నిర్ణయాలన్నీ ఆన్‌లైన్‌లో సభ్యులే తీసుకోవాలి అన్న నినాదాలతో 2013లో తొలిసారి పార్లమెంటు బరిలో దిగి నాలుగో వంతు ఓట్లు తెచ్చుకున్నారు. ఇప్పటి తగువుకు మూలం ఆ రోజుల్లో దొరకదు. రెండు దఫాల నియమం దగ్గరే తెగిపోయిందని, 2021లో కొంతే పగ్గాలు పట్టుకోవడమే కారణమని చాలామంది రాస్తున్నారు. నా దృష్టిలో అసలు మలుపు అంతకు ముందే, 2019 జనవరి 28న వచ్చింది. పేద కుటుంబాలకు నెలనెలా డబ్బిచ్చే పౌర ఆదాయ పథకం ఆర్డినెన్సుగా వెలువడిన రోజది. పార్టీ అదే, పేరు అదే, కానీ దాని వెనక నిలబడే జనం ఆ రోజు నుంచి మారిపోయారు.

అంతకు ముందు ఆ జనం ఎవరు? 2013 ఓటు దేశమంతా ఇంచుమించు సమంగా పరుచుకుని ఉంది. ఉత్తరాన పన్నులతో విసిగిన చిన్న వ్యాపారి, దక్షిణాన ఉద్యోగం లేని పట్టభద్రుడు, వామపక్షం మీద నమ్మకం పోయిన మాస్టారు, చెత్త దహన కేంద్రం వద్దని పోరాడే ఊరివాళ్లు. వీళ్లందరినీ కలిపింది ఒక్కటే కోపం: రాజకీయ నాయకుల వర్గం తమను దోచుకుంటోందన్నది. ప్రజల చేతిలో ఉండే నీరు, పర్యావరణం, రవాణా, ఇంటర్నెట్ అందుబాటు, అభివృద్ధి, ఇవీ ఆ అయిదు నక్షత్రాలు. పేదలకు నెలనెలా డబ్బు ఇవ్వాలన్న ఆలోచన అప్పటికే ఉంది. సెనేటర్ నూన్సియా కతల్ఫో 2013లోనే బిల్లు కూడా పెట్టారు. కాకపోతే అది అనేక హామీల్లో ఒకటి.

2018 మార్చి 4న మ్యాపు మారింది. 32 శాతం దాటిన ఓటుతో ఫైవ్ స్టార్ దేశంలో అతి పెద్ద పార్టీ అయింది. రోమ్ నుంచి కిందికి, సిసిలీ దాకా, మ్యాపంతా పార్టీ రంగైన పసుపే. నేపుల్స్ ఉన్న కాంపానియాలో దాదాపు సగం ఓట్లు వాళ్లవే. ఆ ప్రచారంలో దక్షిణాదికి బాగా చేరిన మాట ఒక్కటే, నెలకు 780 యూరోల భరోసా. ఎన్నికలైన వారంలోనే బారి దగ్గరి జొవినాత్సోలో కొందరు ఆ పథకం ఫారాలు అడుగుతూ కార్యాలయాలకు వచ్చారని పత్రికలు రాశాయి. ఉత్తరాది స్టూడియోల్లో ఆ వార్త నవ్వులాట అయింది. వచ్చినవాళ్లు ఎందరో గానీ, ఆ నవ్వులో ఉన్న చులకన మాత్రం దక్షిణాదికి బాగా గుర్తుండిపోయింది.

తర్వాత జరిగింది బేరం. ఒంటరిగా మెజారిటీ లేదు. సాల్వీని నాయకత్వంలోని మితవాద పార్టీ లీగ్‌తో చేతులు కలిపి, అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియని న్యాయశాస్త్ర ఆచార్యుడు కొంతేను ప్రధానిని చేశారు. వలసలకు వ్యతిరేకంగా హోం మంత్రిగా సాల్వీని తెచ్చిన భద్రతా ఆర్డినెన్సుకు ఫైవ్ స్టార్ సభ్యులు ఓటేశారు. తారాంతోలో ఇల్వా ఉక్కు కర్మాగారాన్ని మూయిస్తామన్న ఆశ చూపినవాళ్లే 2018 సెప్టెంబరులో ఆర్సెలర్ మిత్తల్‌తో ఒప్పందం చేయించారు. పూల్యా తీరంలో గ్యాస్ పైపులైను ఆపిస్తామన్న మాటా ఆ అక్టోబరుకల్లా పోయింది. వలసదారులను ఓడలో నిర్బంధించిన కేసులో సాల్వీనిపై విచారణకు అనుమతి ఇవ్వాలా వద్దా అని 2019 ఫిబ్రవరిలో పార్టీ సభ్యులను అడిగితే, 59 శాతం మంది వద్దన్నారు. చట్టం ముందు అందరూ సమానమన్న పార్టీ అది. ఒక్కో నక్షత్రం ఇలా ఆరిపోతుంటే చేతిలో మిగిలిన హామీ ఒక్కటే.

ఆ ఒక్కటీ నెరవేర్చారు. 2018 సెప్టెంబరు 27 రాత్రి, బడ్జెట్ లోటును 2.4 శాతానికి పెంచేందుకు మంత్రివర్గం ఒప్పుకున్నాక, అప్పటి పార్టీ నాయకుడు, ఉప ప్రధాని లుయీజి ది మాయో ప్రధాని కార్యాలయం బాల్కనీలోకి వచ్చి కింద జెండాలు ఊపుతున్న తమవాళ్లకు చేతులెత్తి అభివాదం చేశారు. పేదరికాన్ని రద్దు చేశామన్నది అప్పుడు ఆయన చెప్పిన మాట. ఆ ఒక్క మాట పథకానికి జీవితాంతం శాపమైంది. ఏ దేశంలో ఏ పథకమూ పేదరికాన్ని రద్దు చెయ్యలేదు, ఇదీ చెయ్యలేకపోయింది. దాంతో చేసిన మేలు కూడా ఆ మాట కింద పడి నలిగిపోయింది.

మేలు జరగలేదా? జరిగింది. జాతీయ స్థాయిలో కనీస ఆదాయ పథకం లేకుండా ఐరోపా సమాఖ్యలో చివరిదాకా మిగిలిన దేశాల్లో ఇటలీ ఒకటి. 2018లో జెంతిలోనీ ప్రభుత్వం తెచ్చిన చేయూత పథకం ఒంటరి మనిషికి 200 యూరోలు కూడా దాటేది కాదు. కొత్త చట్టంలో ఒంటరివారికి 500 యూరోలు, అద్దె ఇంట్లో ఉంటే మరో 280. 2019 ఏప్రిల్ నుంచి పోస్టాఫీసు ఇచ్చే పసుపు కార్డులోకి డబ్బు రావడం మొదలైంది. కొద్ది కాలంలోనే పది లక్షలకు పైగా కుటుంబాలు చేరాయి, అందులో ఎక్కువ భాగం దక్షిణాదివి. ఖర్చు ఏటా 700 నుంచి 900 కోట్ల యూరోలు. ఏడాది తిరగకుండానే కరోనా వచ్చింది. కాగితం మీద ఉద్యోగం లేక, రోజు కూలితో బతికే నేపుల్స్ పేటల్లో దుకాణాలన్నీ మూతపడిన ఆ నెలల్లో ఈ కార్డు లేకపోతే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది. 2020లో ఈ భృతి, దానికి తోడు ఇచ్చిన అత్యవసర భృతి కలిసి దాదాపు పది లక్షల మందిని తీవ్ర పేదరికంలో పడకుండా కాచాయని ఇటలీ జాతీయ గణాంక సంస్థ ఇస్తాత్ అంచనా.

లోపాలు చిన్నవి కావు. పిల్లలున్న పెద్ద కుటుంబాలకు లెక్కలో అన్యాయం జరిగింది. అద్దెలు ఎక్కువున్న ఉత్తరాది నగరాల పేదలకు తక్కువ దక్కింది. వలస వచ్చినవాళ్లకు పదేళ్ల నివాసం ఉండాలన్న షరతు లీగ్ పట్టుదలతో చేరింది. ఆ షరతు చెల్లదని ఐరోపా న్యాయస్థానం 2024 జూలైలో చెప్పేనాటికి పథకమే లేదు. ఉద్యోగాలు వెతికి పెట్టడానికి మూడు వేల మంది దాకా మార్గదర్శకులను తీసుకున్నారు. కానీ ఉద్యోగాలే లేని జిల్లాల్లో వాళ్లు మాత్రం ఏం వెతికి పెడతారు? మోసాలు బయటపడ్డాయి, టీవీల్లో నెలల తరబడి అవే తిరిగాయి. సోఫాలో పడుకున్నవాళ్లకు జీతం అన్న ఎగతాళి అక్కడే పుట్టింది. జోర్జా మెలోనీ దీన్ని ప్రభుత్వం పోసే మెథడోన్ అన్నారు, మత్తు మానలేనివాళ్లకు ఇచ్చే మందుతో పోల్చి. పేదవాడికి ఇచ్చేది ఖర్చుగానూ, కలిగినవాడికి ఇచ్చేది ప్రోత్సాహంగానూ లెక్కగట్టే అలవాటు మనకూ తెలియనిది కాదు. అదే ఆర్డినెన్సులో లీగ్ కోసం ముందస్తు పింఛను పథకం కూడా ఉంది. దాని లబ్ధిదారులను ఎవరూ సోమరులనలేదు.

ఇక్కడే అసలు మార్పు మొదలైంది. కోపంతో వచ్చిన ఓటరు జారిపోయాడు. 2019 మే ఐరోపా ఎన్నికల్లో పార్టీ 17 శాతానికి పడింది, లీగ్ 34కు ఎగబాకింది. వ్యవస్థను బద్దలు కొడతారని ఓటేసినవాళ్లు సాల్వీని వైపు, తర్వాత మెలోనీ వైపు వెళ్లారు. కార్డు అందుకున్నవాళ్లు, వాళ్ల చుట్టుపక్కలవాళ్లు ఉండిపోయారు. ఆగస్టులో సాల్వీని ప్రభుత్వాన్ని కూలగొట్టినప్పుడు కొంతే డెమొక్రటిక్ పార్టీతో కలిసి మళ్లీ ప్రధాని కాగలిగారంటే కారణం అదే. పేదల భృతిని కాపాడుకోవాలనుకునే పార్టీకి ఎడమ వైపు తప్ప చోటెక్కడ? ఈ పొత్తుకు గ్రిల్లో స్వయంగా ఆమోదం తెలిపారు. 2021లో బ్యాంకర్ ద్రాగి ప్రభుత్వంలో చేరడానికీ ఆయనే ఒప్పించారు. దానిపై సభ్యులకు పెట్టిన ఓటులో ప్రశ్న రాసిన తీరే చేరమని చెబుతున్నట్టుంది, 59 శాతం సరేనన్నారు. తన ఉద్యమాన్ని ఇతరులు వ్యవస్థకు అమ్మేశారని గ్రిల్లో ఇవాళ చేస్తున్న ఫిర్యాదును ఈ రెండు తేదీలు పక్కన పెట్టుకునే చదవాలి.

గ్రిల్లో వాదనలో పస లేదని కాదు. సిద్ధాంతాన్ని కాపాడే సంరక్షకుడు ఒకరుండాలి, లేకపోతే ప్రతి పార్టీలాగే ఇదీ పదవుల గుంపవుతుందన్నది ఆయన మాట. కొంతేకు రాజకీయ దృష్టీ లేదు, నిర్వహణ సామర్థ్యమూ లేదని 2021 జూన్‌లోనే బ్లాగులో రాశారు. ఆగస్టు మొదట్లోనే సభ్యులు 90 శాతానికి పైగా ఓట్లతో కొంతేను అధ్యక్షుణ్ని చేశారు.

ఓటర్ల తీర్పు 2022లో వచ్చింది. జూన్‌లో ది మాయో దాదాపు అరవై మంది పార్లమెంటు సభ్యులతో చీలిపోయారు. జూలైలో పార్టీ ద్రాగిపై విశ్వాస ఓటుకు దూరంగా ఉంది, ప్రభుత్వం పడింది. ఇక పార్టీ పనైపోయిందని అందరూ రాశారు. కొంతే మాత్రం దక్షిణాది వీధుల్లో ఒకే మాట పట్టుకుని తిరిగారు: వాళ్లొస్తే మీ భృతి పోతుంది. సెప్టెంబరు 25న 15.4 శాతం వచ్చింది, కాంపానియాలో మొదటి స్థానం. పథకానికి ముఖమైన ది మాయో సొంత నేపుల్స్‌లో ఓడిపోయారు. ఓడించింది ఫైవ్ స్టార్ అభ్యర్థే. భృతిని తెచ్చిన మంత్రికి కాక, దాన్ని కాపాడతానన్న పార్టీకి ఓటేశారు జనం. ఆ పార్టీకి ఆ రోజుకు నాయకుడు గ్రిల్లో కాదు.

ఆ ఎన్నికల్లో గెలిచి ప్రధాని అయిన మెలోనీ మాట నిలబెట్టుకున్నారు. 2023 జూలై చివర్లో దాదాపు 1,69,000 కుటుంబాల ఫోన్లకు సామాజిక భద్రతా సంస్థ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వచ్చింది, మీ భృతి ఆగిందని. ఇంట్లో మైనర్లు, వృద్ధులు, వికలాంగులు లేకపోతే పని చెయ్యగలవాళ్లేనని చట్టం తేల్చింది. వాళ్లకు శిక్షణకు వస్తే నెలకు 350 యూరోలు, అదీ ఏడాదికి మించి కాదు. పనెక్కడుందో మాత్రం చెప్పలేదు. నాలుగేళ్లపాటు ఒక కుటుంబం నమ్ముకున్న ఆదాయాన్ని ఒక్క వాక్యపు సందేశంతో ఆపిన తీరు, ఆ విధానాన్ని సమర్థించేవాళ్లకు కూడా మింగుడుపడని విషయం.

ఇక ఇప్పటి తగువు. 2024 జూన్ ఐరోపా ఎన్నికల్లో పార్టీ పది శాతానికి దిగింది. దెబ్బ తిన్న కొంతే పార్టీ నియమాలన్నీ తిరగరాసే ప్రక్రియ మొదలుపెట్టారు. నవంబరులో గ్రిల్లో చేతిలో ఉన్న సంరక్షకుడి పదవిని ఎత్తేయడానికి ఓటింగులో పాల్గొన్న సభ్యుల్లో 63 శాతం, రెండు దఫాల నియమాన్ని సడలించడానికి అంతకంటే ఎక్కువ మంది ఓటేశారు. ఓటు మళ్లీ జరపమని అడిగే హక్కు నియమావళిలో గ్రిల్లోకు ఉంది, వాడుకున్నారు. శవవాహనం నడుపుతూ వీడియో తీసి, ఉద్యమం చచ్చిపోయిందన్నారు. డిసెంబరులో మళ్లీ ఓటేస్తే 63 కాస్తా 80 శాతమైంది. పనిచెయ్యని సభ్యుల పేర్లు ముందే తీసేసి కోరం తేలిక చేశారని గ్రిల్లో వర్గం ఆరోపణ. తీసేసిన మాట నిజమే. కానీ సంరక్షకుడిగా ఉంటూనే పార్టీ నుంచి ఏటా 3,00,000 యూరోల సలహాదారు ఫీజు తీసుకున్న మనిషికి, పదవుల యావ గురించి మాట్లాడే బలం సభ్యుల్లో ఎంత మిగిలి ఉంటుంది?

పేరు, గుర్తు ఎవరివన్నది చట్టం చూసుకునే సంగతి. ఓట్లు ఎవరివన్నది 2025 ప్రాంతీయ ఎన్నికలు చెప్పాయి, రెండు వైపులా. అక్టోబరులో కలాబ్రియాలో ఈ పథకం రూపశిల్పి, సామాజిక భద్రతా సంస్థ మాజీ అధ్యక్షుడు పాస్క్వాలె త్రిదికోను ఉమ్మడి అభ్యర్థిగా నిలిపితే ఓడిపోయారు. దేశంలో అత్యంత పేద ప్రాంతాల్లో ఒకటైన అక్కడే భృతి హామీ గెలిపించలేకపోయింది. నవంబరులో కాంపానియాలో ఫైవ్ స్టార్ నేత, దిగువ సభ మాజీ స్పీకర్ రొబెర్తో ఫీకో 60 శాతం ఓట్లతో గెలిచారు, వెనక డెమొక్రటిక్ పార్టీ యంత్రాంగం మొత్తం ఉంది. గ్రిల్లో తొలి సహచరుల్లో ఒకరైన ఫీకో రెండు దఫాలు ముగించుకుని 2022లో పోటీ నుంచి తప్పుకున్నవాడే. పాత నియమమే ఉండి ఉంటే ఆయన అభ్యర్థి అయ్యేవాడు కాదు.

కూటమి ఉమ్మడి కార్యక్రమం రాసే బల్ల దగ్గర గంటకు 9 యూరోల కనీస వేతనం మీద పేచీ లేదు. 2023లోనే ప్రతిపక్ష పార్టీల్లో అధిక భాగం దాని మీద కలిసి సంతకం చేశాయి. ఉక్రెయిన్‌కు ఆయుధాల మీద కొంతేకూ డెమొక్రటిక్ పార్టీకీ పొసగడం లేదు. భృతిని తిరిగి తెస్తారా, తెస్తే పాత లోపాలు సరిదిద్ది తెస్తారా అన్నదానికి సంతకం చేసిన కాగితం ఇప్పటికి ఎవరి దగ్గరా లేదు. గుర్తు ఎవరికి దక్కినా, నేపుల్స్‌లో ఓటు అడగబోయేవాళ్లు ముందు ఆ కాగితం చూపించాల్సి ఉంటుంది.