దూడకు దారి వదలాలి

పర్లాకిమిడి

చిరంజీవి చిట్టికీ, నీతోపాటు చదరంగం ఆడే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

బరంపురం పోటీల నుంచి నీ స్కోరుషీటు ఫొటో మీ అమ్మ పంపింది. చివరి ఎత్తు రాసినచోట పెన్ను కాగితాన్ని చీల్చేసింది. "తాతయ్యా, వాడికి ఒక్క రాజే మిగిలాడు. నాకు రాజూ మంత్రీ ఉన్నారు. అయినా డ్రా ఏంటి?" అని ఫోన్లో ఏడ్చావు. ఆ ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

నీ ఈడులో సాయంత్రమైతే మా ఎర్రావు దూడను ఇంటికి తోలుకురావడం నా పని. మహేంద్రతనయ ఒడ్డున మేసేది. ఒకరోజు తొందరపడి ముగ్గురు స్నేహితులను కూడగట్టి దాన్ని చుట్టుముట్టాం. ముందొకడు, వెనకొకడు, పక్కలకు చెరొకడు. దూడ కాళ్ళు నేలలో పాతినట్టు నిలబడిపోయింది. చీకటి పడింది. మా నాన్న లాంతరు పట్టుకొచ్చి, ఇంటి వైపున్నవాణ్ణి పక్కకు జరగమన్నాడు. దూడ తనంతట తానే నడిచింది. దారి పొడుగునా దాని మెడలో గంట చప్పుడే తప్ప నాన్న ఒక్క మాట అనలేదు.

అవతలి రాజూ దూడలాంటివాడే. మంత్రిని గుర్రం గెంతు దూరంలో, అంటే రెండు గడులు నేరుగా, ఒకటి పక్కకు ఉండేలా ఉంచి, రాజు ఎటు అడుగేస్తే అటే అడుగేస్తూ అంచుకు తోలావు. మంచి పద్ధతే. కానీ రాజు మూలగడిలోకి దూరాక కూడా వెంటపడి మంత్రిని అదే దూరంలో నిలబెట్టావు. రాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. అలాంటప్పుడు ఆట డ్రా. రాజు కాళ్ళు కట్టేశావు గానీ ఆట కట్టలేదు. మూలకు చేరగానే మంత్రిని ఉన్నచోటే ఆపేయాలి. రాజు ఆ రెండు గడుల్లో అటూ ఇటూ తిరుగుతుంటాడు. ఆలోగా మంత్రికి తోడుగా నీ రాజును నడిపించుకురా.

1600ల్లో ఇంగ్లండులో అయితే ఇలా దారి మూసేసినవాడే ఓడినట్టు లెక్క. నీకు అర పాయింటు దక్కిందమ్మా. గెలుపు చేతికొచ్చిందనుకోగానే ఎదుటివాడి వైపు చూడటం మానేస్తాం, పెద్దవాళ్ళమైనా అంతే.

ఇవాళ రాత్రి బోర్డు పరిచి అదే ఆట మళ్ళీ పెట్టు. ఈసారి ఒంటరి రాజు వైపు నువ్వు కూర్చో. ప్రతి ఎత్తుకీ ఎన్ని గడులు మిగిలాయో వేలు పెట్టి లెక్కపెట్టి చూడు.

మీ తాతయ్య