కాన్‌స్టంట్ క్వెరీలే, కానీ ఆ కాన్‌స్టంట్ ఎంత? డెన్స్ గ్రాఫ్ టెస్టింగ్ వెనక కథ

గ్రాఫ్ అంటే కొన్ని చుక్కలు (వెర్టెక్సులు), వాటిని కలిపే గీతలు (ఎడ్జులు); గీతలు దండిగా ఉంటే డెన్స్. మొత్తం చదవకుండా కొన్ని ప్రశ్నలతోనే (క్వెరీలతో) గ్రాఫ్‌కి ఒక లక్షణం (ప్రాపర్టీ) ఉందో లేదో ఉజ్జాయింపుగా తేల్చడమే టెస్టింగ్. డెన్స్ గ్రాఫుల టెస్టింగ్ మీద ఏ పేపర్ తిరగేసినా ఒక మాట తగులుతూనే ఉంటుంది, క్వెరీల సంఖ్యకి గ్రాఫ్ సైజుతో సంబంధం లేదు అని. లక్ష వెర్టెక్సులున్నా వంద కోట్లున్నా అన్నే క్వెరీలు. బాగానే ఉంది గానీ, ఆ "అన్నే" అంటే ఎన్ని అని అడిగితే మొదలవుతుంది అసలు గొడవ.

ఈ మోడల్‌ని 1996లో పెట్టింది ఓడెడ్ గోల్డ్‌రైక్, షఫీ గోల్డ్‌వాసర్, డానా రాన్. గ్రాఫ్ మొత్తం చదవం, రెండు వెర్టెక్సులు చూపించి వీటి మధ్య ఎడ్జ్ ఉందా అని అడుగుతాం, అదొక క్వెరీ. ప్రాపర్టీ ఉన్న గ్రాఫ్‌ని ఒప్పుకోవాలి, ఎప్సిలాన్ ఇంటూ ఎన్ స్క్వేర్ (ఎన్ అంటే వెర్టెక్సుల సంఖ్య, ఎప్సిలాన్ అంటే మనం ఎంచుకునే చిన్న నంబర్) కంటే ఎక్కువ ఎడ్జులు మారిస్తే తప్ప ఆ ప్రాపర్టీ రాని గ్రాఫ్‌ని కాదనాలి, రెండిట్లోనూ కనీసం మూడింట రెండొంతుల ప్రాబబిలిటీతో. మధ్యలో ఉన్నవాటికి ఏం చెప్పినా పర్లేదు. వాళ్లు చూపించింది ఏంటంటే బైపార్టైట్ (ఎడ్జులన్నీ రెండు గుంపుల మధ్యే ఉండటం) అవునా కాదా, కె రంగులతో కలరింగ్ (ఎడ్జ్ ఉన్న రెండు వెర్టెక్సులకి ఒకే రంగు రాకుండా) అవుతుందా, ఇలాంటివాటికి 1/ఎప్సిలాన్‌లో పాలినోమియల్ అన్ని క్వెరీలు, అంటే 1/ఎప్సిలాన్‌కి ఒక స్థిరమైన పవర్ అన్ని, చాలు అని. మూడు రంగుల కలరింగ్ కచ్చితంగా తేల్చాలంటే ఎన్‌పీ కంప్లీట్ (వేగంగా తేల్చే పద్ధతి ఎవరికీ తెలియని సమస్య) కదా, అలాంటిది ఉజ్జాయింపుగా అడిగితే ఒక చిన్న శాంపిల్‌లో తేలిపోతోంది.

నిజానికి దీని వేరు ఇంకా వెనక్కి పోతుంది. కలరింగ్‌కి చాలా దూరంగా ఉన్న గ్రాఫ్‌లో కాన్‌స్టంట్ సైజు సాక్ష్యం (కలరింగ్ కుదరని చిన్న ముక్క) దొరుకుతుందని రోడల్, డ్యూక్ 1985లోనే చూపించారు, కాకపోతే సెమెరేడి రెగ్యులారిటీ లెమ్మా (ఏ పెద్ద గ్రాఫ్‌నైనా ర్యాండమ్‌లా కనిపించే కొన్ని ముక్కల కలయికగా విడగొట్టొచ్చనే సిద్ధాంతం) వాడి. ఆ లెమ్మా ఇచ్చే కాన్‌స్టంట్ టవర్ టైపు, అంటే రెండు మీద రెండు మీద రెండు అలా పేర్చుకుంటూ పోవడం. నాలుగు రెండ్లు పేరిస్తే 65,536, ఐదోది పెడితే 19,729 అంకెల నంబర్. ప్రూఫ్ సరిగ్గా రాయక అలా వచ్చిందేమో అనుకోడానికి కూడా లేదు, ఆ లెమ్మాకి టవర్ తప్పదని గవర్స్ 1997లో తేల్చేశాడు.

అయినా దాన్ని వదల్లేదు ఎవరూ. 2005లో అలోన్, షాపిరా హెరెడిటరీ ప్రాపర్టీలన్నీ, అంటే వెర్టెక్సులు తీసేసినా చెడిపోని ప్రాపర్టీలన్నీ, టెస్ట్ చేయొచ్చని చూపించారు. 2006లో అలోన్, ఫిషర్, న్యూమన్, షాపిరా కలిసి ఏ ప్రాపర్టీలు కాన్‌స్టంట్ క్వెరీలతో టెస్ట్ అవుతాయో పూర్తిగా చెప్పేశారు, ఆ సమాధానం కూడా రెగ్యులారిటీ భాషలోనే. అదే ఏడాది లోవాస్ వాళ్ల టీమ్ గ్రాఫ్ లిమిట్ల (గ్రాఫులు పెరుగుతూ పోతే చివరికి దగ్గరయ్యే రూపాల) వైపు నుంచి ఇంచుమించు అదే చోటుకి వచ్చింది.

పక్కన ఇంకో చిన్న ప్రశ్న నడిచింది, ముందు జవాబులు చూసి తర్వాతి క్వెరీ ఎంచుకుంటే లాభం ఎంత అని. అలా ఎంచుకోకుండా, శాంపిల్ తీసి దాని లోపలి ఎడ్జులన్నీ చూసేసినా క్వెరీలు మహా అయితే స్క్వేర్ అవుతాయని గోల్డ్‌రైక్, ట్రెవిసాన్ ముందే చెప్పారు. కొన్ని ప్రాపర్టీలకి దాదాపు ఆ స్క్వేర్ అంతా కట్టాల్సిందేనని 2021లో గోల్డ్‌రైక్, విగ్డర్సన్ చూపించారు.

నాకు మాత్రం అసలు మెలిక ట్రయాంగిల్ దగ్గరే అనిపిస్తుంది. గ్రాఫ్‌లో ట్రయాంగిల్ (ఒకదానికొకటి ఎడ్జులున్న మూడు వెర్టెక్సులు) లేకపోవడాన్ని టెస్ట్ చేయొచ్చు, 1970ల్లో రూజా, సెమెరేడి చేసిన పని నుంచే అది వచ్చేస్తుంది. ఎన్ని క్వెరీలు? 2002లో అలోన్ ఒక గీత గీశాడు: మంచి గ్రాఫ్‌ని పొరపాటున కూడా కాదనకూడదు అని పట్టుబడితే, హెచ్ అనే చిన్న గ్రాఫ్ లేకపోవడాన్ని పాలినోమియల్ క్వెరీలతో టెస్ట్ చేయగలిగేది హెచ్ బైపార్టైట్ అయితేనే. బైపార్టైట్ హెచ్ అయితే ఎడ్జులు దండిగా ఉంటే చాలు, కాపీలు కుప్పలుగా వచ్చిపడతాయి. ట్రయాంగిల్‌కి ఆ సుఖం లేదు. బేరెండ్ 1946లో మూడు నంబర్ల అరిథ్‌మెటిక్ ప్రోగ్రెషన్ (సమాన తేడాతో వచ్చే నంబర్లు) లేకుండా కట్టిన పెద్ద సెట్ ఉంది కదా, దాన్నుంచి తయారుచేసిన గ్రాఫులో ట్రయాంగిల్స్ అన్నీ పోవాలంటే బోలెడు ఎడ్జులు తీసేయాలి గానీ మొత్తం ట్రయాంగిల్స్ మాత్రం చాలా తక్కువ, శాంపిల్‌కి చిక్కవు. దాంతో కింది హద్దు 1/ఎప్సిలాన్‌కి లాగ్ 1/ఎప్సిలాన్ లాంటి పవర్. పై హద్దు? 2011లో జేకబ్ ఫాక్స్ రెగ్యులారిటీ లెమ్మాని పక్కనపెట్టి కొత్త ప్రూఫ్ రాస్తే టవర్ ఎత్తు లాగ్ 1/ఎప్సిలాన్ స్థాయికి దిగింది. దిగిందే గానీ టవర్ టవరే, కింది హద్దుకీ దానికీ పొంతనే లేదు.