మహోమ్స్ మీద కోపం సరే, కారణమే తప్పు: అపోహలు - వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు ఐటీ వాళ్లలో నేనూ ఒకణ్ణి. కాకపోతే ఆగస్టు చివరి నుంచి శుక్రవారం సాయంత్రాలు ఇంట్లో దొరకను. తెలుపు నలుపు చారల చొక్కా వేసుకుని ఏదో ఒక హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో లైన్ జడ్జిగా, అంటే గీత చివర నిలబడే అంపైర్‌గా ఉంటాను. ఆ చొక్కా వేసుకున్న పాపానికి, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్) రెఫరీలు తప్పు పట్టి విసిరే ప్రతి పసుపు ఫ్లాగ్‌కీ మా వాట్సాప్ గ్రూపులో నేనే సంజాయిషీ చెప్పుకోవాలి. గ్రూపులో మా డాలస్ జట్టు కౌబాయ్స్ వాళ్లే ఎక్కువ. డెన్వర్ నుంచి వచ్చిన బ్రాంకోస్ అభిమాని ఒకడున్నాడు. బఫెలోలో చదువుకుని అక్కడి జట్టు బిల్స్‌కి ప్రాణమిచ్చేవాళ్లు ఇద్దరున్నారు. వీళ్లలో వీళ్లకి ఎన్ని గొడవలున్నా ఒక మనిషి దగ్గరికొచ్చేసరికి అందరూ ఒక్కటైపోతారు. ఆ మనిషి కాన్సాస్ సిటీ ఛీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపేవాడు) పాట్రిక్ మహోమ్స్.

మూడు సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) టైటిళ్లు, ఆ మూడింటిలోనూ ఫైనల్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు), 2018లో, 2022లో సీజన్ మొత్తానికి ఎంవీపీ. ఇన్ని గెలిచినవాణ్ణి ఎదుటి జట్టు అభిమానులు ప్రేమించాలని ఎవరూ అనరు. తిట్టుకోండి. కాకపోతే తిట్టే కారణాల్లో చాలావరకు నిలబడవు. నిలబడేది ఒకటుంది, దాన్ని కూడా చెప్తాను.

అపోహ: రెఫరీలు మహోమ్స్ మనుషులు

అన్నింటికన్నా పెద్దది ఇదే కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

జనం ముందుగా ఎత్తేది 2023 ఫిబ్రవరి సూపర్ బౌల్. ఫిలడెల్ఫియా ఈగల్స్‌తో స్కోరు 35-35. రెండు నిమిషాలు కూడా లేవు. థర్డ్ డౌన్‌లో (పది గజాలు దాటడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) మహోమ్స్ వేసిన పాస్ ఎవరికీ అందలేదు. ఇంతలో ఈగల్స్ కార్నర్‌బ్యాక్ (పాస్ పట్టేవాణ్ణి కాసే డిఫెండర్) జేమ్స్ బ్రాడ్‌బరీ మీద హోల్డింగ్, అంటే ఎదుటివాణ్ణి పట్టి ఆపాడని, ఫ్లాగ్ పడింది. ఛీఫ్స్‌కి మళ్లీ ఫస్ట్ డౌన్, అంటే కొత్తగా నాలుగు ప్రయత్నాలు, దొరికింది, గడియారాన్ని కరగదీసి ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని తెచ్చుకునే మూడు పాయింట్లు) కొట్టి 38-35తో గెలిచారు. అన్యాయం అని ఇప్పటికీ అంటారు. మ్యాచ్ అయిన వెంటనే బ్రాడ్‌బరీ తానే ఒప్పుకున్నాడు, జెర్సీ లాగిన మాట నిజమేనని, చూసీ చూడనట్టు వదిలేస్తారని ఆశపడ్డానని. లాగినవాడే లాగానన్నాక మనకెందుకండీ వాదన?

రెండోది 2025 జనవరిలో హ్యూస్టన్ టెక్సన్స్‌తో ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్. మహోమ్స్ పరుగెత్తి, ఇక ఆపేస్తున్నానన్నట్టు ఆలస్యంగా కాళ్లు ముందుకు పెట్టి జారాడు. ఇద్దరు డిఫెండర్లు వచ్చి పడ్డారు. అతనికి తగిలినదానికంటే వాళ్లు ఒకరికొకరే గట్టిగా తగిలారు. 15 గజాల పెనాల్టీ పడింది. కామెంటరీలో ఉన్న మన కౌబాయ్స్ పాత క్వార్టర్‌బ్యాక్ ట్రాయ్ ఐక్‌మన్ కూడా విసుక్కున్నాడు. ఆ ఫ్లాగ్ నాకూ నచ్చలేదు. అయితే అది ఎందుకు పడిందో తెలియాలంటే రూల్ తెలియాలి. క్వార్టర్‌బ్యాక్ జారడం మొదలుపెట్టగానే డిఫెండర్ ఆగిపోవాలి. అప్పటికే దూకేసినవాడికి మినహాయింపు ఉంది, కానీ తలకో మెడకో తగిలితే ఆ మినహాయింపు చెల్లదు. దూకేశాడా లేదా, తగిలింది తలకా భుజానికా అన్నది మైదానంలో ఉన్న మనిషి రెప్పపాటులో తేల్చుకోవాలి. అనుమానం వస్తే ఫ్లాగ్ తీయమనే మాకు నేర్పిస్తారు. అది మహోమ్స్ కోసం కాదు, బంతి విసిరే ప్రతివాడి కోసం.

ఆ రూళ్ల పుట్టుక చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. క్వార్టర్‌బ్యాక్ మోకాళ్ల మీద పడకూడదన్న నిబంధన 2009లో గట్టిపడింది, అంతకు ముందు ఏడాది ప్యాట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ మోకాలు పోయింది కాబట్టి. ఆ దెబ్బ కొట్టింది ఎవరనుకున్నారు? కాన్సాస్ సిటీ ఛీఫ్స్ ఆటగాడు బెర్నార్డ్ పొలార్డ్! క్వార్టర్‌బ్యాక్ మీద ఒళ్లంతా వేసి పడకూడదన్నదాన్ని 2018 నుంచి కఠినంగా చూడటం మొదలుపెట్టారు, 2017లో ఆరన్ రాడ్జర్స్ కాలర్‌బోన్ విరిగాక. మహోమ్స్ పేరు మీద పుట్టిన రూల్ ఇందులో ఒక్కటీ లేదు.

ఇక అతనికి వ్యతిరేకంగా పడినవి ఎవరికీ గుర్తుండవు. 2023 డిసెంబరులో బిల్స్ మీద ఆఖరి నిమిషాల్లో ఛీఫ్స్ ఆటగాడు ట్రావిస్ కెల్సీ బంతి అందుకుని పరుగెత్తుతూ వెనక్కి విసిరితే, అతని జట్టువాడే కడారియస్ టోనీ దాన్ని పట్టుకుని టచ్‌డౌన్ (ఎదుటి జట్టు చివరి గీత దాటి తెచ్చే ఆరు పాయింట్లు) చేశాడు. అద్భుతమైన ఆట. ఫ్లాగ్ పడింది, టోనీ ఆఫ్‌సైడ్, అంటే ఆట మొదలయ్యేటప్పుడే గీత దాటి నిలబడ్డాడు. టచ్‌డౌన్ రద్దు, ఛీఫ్స్ 20-17తో ఓడిపోయారు. మహోమ్స్ సైడ్‌లైన్ దగ్గర అరిచి గోల చేసి 50,000 డాలర్ల జరిమానా కట్టాడు. కోచ్ ఆండీ రీడ్‌కి లక్ష.

ఇది నా పని కిందికే వచ్చేది కాబట్టి చెప్తున్నాను. ప్రతి స్నాప్‌కి (బంతి కదిలి ఆట మొదలయ్యే క్షణం) ముందు బయటి రిసీవర్ (పాస్ పట్టేవాడు) మా వైపు తిరిగి వేలు చూపిస్తాడు, లైన్ మీద ఉన్నానా లేనా అని. మేం ఒక పాదం ముందుకు పెట్టి చూపిస్తాం. ఆ పాదమే వాడికి హద్దు. దాటి ఉంటే కాస్త వెనక్కి జరగమని సైగ చేస్తాం. ఇది మా మర్యాదే తప్ప బాధ్యత కాదు. వాడు మా వైపు చూడకుండానే నిలబడితే ఇక మేం చేసేదేమీ ఉండదు.

బిల్స్ వాళ్ల గాయం మాత్రం వేరు. 2025 జనవరి, ఏఎఫ్‌సీ ఫైనల్ (లీగ్‌లో సగం జట్ల ఫైనల్, సూపర్ బౌల్‌కి ముందు మెట్టు), నాలుగో క్వార్టర్ మొదట్లో ఫోర్త్ డౌన్, కావలసింది ఒక్క గజం కూడా లేదు. బిల్స్ క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్ బంతి పట్టుకుని గుంపులోకి తల దూర్చాడు. అటు నుంచి ఒక అధికారి, ఇటు నుంచి ఒక అధికారి పరుగెత్తుకొచ్చారు. ఇద్దరి పాదాలూ ఒకచోట ఆగలేదు. చివరికి అందలేదన్నారు. రీప్లేలో మార్చేంత స్పష్టమైన ఆధారం దొరకలేదు.

గుంపు కింద ఉన్న బంతి మాకు కనిపించదు, ఇది ఒప్పుకోవలసిన నిజం. మేం చూసేది క్వార్టర్‌బ్యాక్ భుజాన్ని, మోకాలిని, గుంపు ముందుకు కదలడం ఆగిన క్షణాన్ని. అక్కడ పాదం నాటి, తల ఎత్తి ఎదుటి అధికారి పాదం చూస్తాం. రెండూ కలవకపోతే బాగా చూసినవాడిది చెల్లుతుంది. క్రికెట్లో ఎల్‌బీడబ్ల్యూకి అంపైర్స్ కాల్ ఎలాగో ఇదీ అలాగే, మైదానంలో ఏం చెప్పారో దాన్నే రీప్లే మోస్తుంది. అక్కడ తప్పు జరిగి ఉండొచ్చు, నా కళ్లకైతే అలెన్ దాటినట్టే అనిపించింది. కానీ తప్పు వేరు, కుట్ర వేరు. ఆ మ్యాచ్‌లో తర్వాత బిల్స్ 29-29తో సమం చేశారు కూడా. ఆఖర్లో ఛీఫ్స్ డిఫెన్స్ బ్లిట్జ్ చేస్తే (మామూలు కంటే ఎక్కువమందిని క్వార్టర్‌బ్యాక్ మీదికి పంపితే), అలెన్ వెనక్కి పడుతూ విసిరిన బంతి డాల్టన్ కింకెయిడ్ చేతుల దాకా వచ్చి జారిపోయింది. ఛీఫ్స్ 32-29తో గెలిచారు. దాని గురించి మా బఫెలో తమ్ముళ్లు ఎత్తరు.

2025 సీజన్ నుంచి గొలుసు బదులు ఆరు కెమెరాలతో దూరం కొలుస్తున్నారు. దాంతో అంతా సర్దుకుంటుందని అనుకుంటున్నవాళ్లకి ఒక మాట. కెమెరా కొలిచేది బంతి పెట్టిన చోటి నుంచి ఫస్ట్ డౌన్ దాకా. బంతి ఎక్కడ పెట్టాలన్నది ఇప్పటికీ మనిషే చెప్తాడు.

అపోహ అనుకుంటారు గానీ నిజం: డ్రామా వేస్తాడు

వేస్తాడు. ఇందులో మొహమాటం లేదు. అదే టెక్సన్స్ మ్యాచ్‌లో సైడ్‌లైన్ దగ్గర నెమ్మదించి, డిఫెండర్ రాసుకుపోగానే ఎగిరి పడ్డాడు. అధికారి ఫ్లాగ్ తీయలేదు, బాగా చేశాడు.

అంతకన్నా చిరాకు పెట్టేది ఇంకొకటుంది. సైడ్‌లైన్ వైపు పరుగెత్తుతూ బయటికి పోతున్నట్టు వేగం తగ్గిస్తాడు. కొడితే 15 గజాల పెనాల్టీ పడుతుందని డిఫెండర్ చేతులు వెనక్కి తీసుకుంటాడు. అంతే, ఇంకో నాలుగైదు గజాలు లాగేస్తాడు. మా టెక్సస్ హైస్కూళ్లు కాలేజీ రూళ్లతోనే ఆడతాయి. 2021 డిసెంబరులో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ కెనీ పికెట్ జారుతున్నట్టు నటించి టచ్‌డౌన్ కొట్టాక, కాలేజీ ఆటలో దొంగ జారుడు కనిపిస్తే అక్కడే విజిల్ ఊదమన్నారు. సైడ్‌లైన్ దగ్గర నటించడానికి మాత్రం అలాంటి అడ్డు లేదు. వాడు చేసేది రూల్ లోపలే. అందుకే ఒళ్లు మండుతుంది. మీకు నిజంగా కోపం రావాలంటే ఇక్కడ రావాలి, రెఫరీ మీద కాదు. క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడటానికి పెట్టిన రూల్‌ని ముందుకు పరుగెత్తడానికి వాడుకోవడంలో ఇతన్ని మించినవాడు లేడు.

అపోహ: జాష్ అలెన్‌కి మహోమ్స్ మీద గెలవడం రాదు

దీన్ని ఛీఫ్స్ అభిమానులు పుట్టించారు, బిల్స్ అభిమానులు నమ్మేశారు. 2025 నవంబరు దాకా లెక్క చూస్తే రెగ్యులర్ సీజన్‌లో ఆరుసార్లు తలపడ్డారు, 2020లో ఒక్కసారి తప్ప అయిదుసార్లూ బిల్స్‌దే. ప్లేఆఫ్స్‌లో నాలుగుకి నాలుగూ ఛీఫ్స్. ఈ నాలుగులో మూడు మూడు పాయింట్లకో, ఓవర్‌టైమ్‌కో వెళ్లినవి.

అసలు ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు ఒకేసారి మైదానంలో ఉండరు. 2022 జనవరి మ్యాచ్‌నే తీసుకోండి. 13 సెకన్లుండగా బిల్స్ 36-33తో ముందున్నారు. అలెన్ చేయాల్సిందంతా చేసి బెంచీ మీద కూర్చున్నాడు. బిల్స్ కిక్‌ఆఫ్‌ని (బంతిని ఎదుటి జట్టుకి తన్నడం) ఎండ్ జోన్ (మైదానం చివరి భాగం) దాటించారు, అంటే ఒక్క సెకను కూడా ఖర్చు కాలేదు. ఛీఫ్స్ దగ్గర మూడు టైమ్‌అవుట్లున్నాయి. రెండు పాస్‌లకి 44 గజాలు, ఆపైన 49 గజాల ఫీల్డ్ గోల్. ఓవర్‌టైమ్‌లో టాస్ ఛీఫ్స్‌ది, టచ్‌డౌన్ ఛీఫ్స్‌ది, అక్కడితో ఆట అయిపోయింది, 42-36. అలెన్ చేతికి బంతే రాలేదు.

దీని మీద గొడవ జరిగి ప్లేఆఫ్స్‌లో రెండు జట్లకీ బంతి దక్కాలని ఆ ఏడాదే రూల్ మార్చారు. 2019లో ప్యాట్రియట్స్ చేతిలో మహోమ్స్‌కి ఇదే జరిగినప్పుడు ఈ మార్పు అడిగింది ఛీఫ్సే, అప్పుడు ముందుకు సాగలేదు. చివరికి కొత్త రూల్ కింద జరిగిన మొదటి సూపర్ బౌల్ ఓవర్‌టైమ్, 2024 ఫిబ్రవరిలో, ఎవరికి కలిసొచ్చింది? ఫార్టీనైనర్స్ ముందు బంతి తీసుకుని మూడు పాయింట్లతో సరిపెట్టుకున్నారు. ఎంత కొట్టాలో తెలిసిపోయాక మహోమ్స్ ఫోర్త్ డౌన్‌లో తానే పరుగెత్తి నిలబెట్టి, టచ్‌డౌన్ పాస్ వేసి 25-22తో ముగించాడు.

ఇంకో సంగతి. 2017 డ్రాఫ్ట్‌లో (జట్లు వరసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) పదో నంబరు బిల్స్‌దే. దాన్ని ఛీఫ్స్‌కి అమ్మింది వాళ్లే, ఛీఫ్స్ మహోమ్స్‌ని తీసుకుంది ఆ నంబరుతోనే. ఇది మా గ్రూపులో నేను అన్నాక రెండ్రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు.

అపోహ: అదంతా ఆండీ రీడ్, టైరీక్ హిల్ గొప్పతనం

త్వరగా తేలిపోయేది. రిసీవర్ టైరీక్ హిల్‌ని 2022 మార్చిలో మయామీకి పంపేశారు. ఆ తర్వాత వరుసగా రెండు సీజన్లు ఛీఫ్సే ఛాంపియన్లు. రీడ్ గొప్ప కోచ్, అందులో సందేహం లేదు. కానీ ఫిలడెల్ఫియాలో 14 సీజన్లున్నా టైటిల్ రాలేదు. కాన్సాస్ సిటీలో మహోమ్స్ ఆట మొదలుకాక ముందు అయిదు సీజన్లలో ప్లేఆఫ్స్‌లో గెలిచింది ఒక్క మ్యాచ్. ఎవరి వల్ల ఎవరు అన్నది తేల్చలేం, ఒకరు లేకుండా ఇంకొకరికి ఇవన్నీ వచ్చేవి కావనే నేననుకుంటాను.

అపోహ: అంతా గాల్లో విద్యలే, లేదంటే చిన్న చిన్న పాస్‌లే

ఈ రెండూ ఒకే మనిషి గురించి, కొన్నిసార్లు ఒకే అభిమాని నోటి నుంచి వింటాం. 2018లో 50 టచ్‌డౌన్ పాస్‌లు వేశాక డిఫెన్స్‌లు ఇద్దరు సేఫ్టీలను (ఆఖరి వరస డిఫెండర్లు) బాగా వెనక్కి నిలబెట్టడం మొదలుపెట్టాయి. దూరపు పాస్ మూసుకుపోయింది. మొదట్లో విసుగుతో బంతులు పోగొట్టుకున్నాడు, తర్వాత దగ్గర ఉన్నవాడికి ఇచ్చేయడం అలవాటు చేసుకున్నాడు. చూడటానికి చప్పగా ఉంటుంది, గెలవడానికి సరిపోతుంది.

విద్యలంటారా, వాటి వెనక కూడా లెక్క ఉంది. ఆట మొదలైన గీత దాకా పరుగెత్తి ఆఖరి అడుగులో బంతి విసురుతాడు. దాటాడు, దాటాడు అని టీవీ ముందు అందరూ అరుస్తారు. ఒళ్లూ బంతీ మొత్తంగా గీత దాటితేనే అక్రమ పాస్. వెనక పాదం గీత మీద ఉన్నా చాలు, చెల్లుతుంది. ఆ పాదాన్ని చూడాల్సింది మేమే. అంతవరకు ఆగే క్వార్టర్‌బ్యాక్ ఉంటే పక్కనున్న లైన్‌బ్యాకర్‌కి (మధ్య వరస డిఫెండర్) ముందుకు రావాలా, వెనక రిసీవర్‌ని కాయాలా అన్నది తేలదు. 2022లో టాంపా మీద గిర్రున తిరిగి క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలెయిర్‌కి ఎగరేసిన టచ్‌డౌన్ పాస్‌ని ఒక్కసారి నెమ్మదిగా చూడండి. బంతిని చూడకండి, డిఫెండర్ల కాళ్లను చూడండి.

అపోహ: ఇతన్ని ఓడించడం ఎవరి తరమూ కాదు

ఓడించే పద్ధతి దాచిపెట్టిన రహస్యమేమీ కాదు. 2021 ఫిబ్రవరిలో టాంపా 31-9తో, 2025 ఫిబ్రవరిలో ఈగల్స్ 40-22తో సూపర్ బౌల్‌లోనే చితక్కొట్టారు. నలుగురితోనే ఒత్తిడి తెచ్చి, మిగతా ఏడుగురినీ వెనక కాపలా పెట్టారు. ఈగల్స్ ఆ రాత్రి బ్లిట్జే చేయకుండా ఆరుసార్లు పడగొట్టారు. 2022 జనవరిలో సిన్సినాటి జట్టు బెంగాల్స్ అయితే 21-3తో వెనకబడి, రెండో సగంలో ముగ్గురినే మీదికి పంపి ఎనిమిది మందిని వెనక నిలబెట్టి ఓవర్‌టైమ్‌లో గెలిచారు. చెప్పినంత సులువు కాదు, నలుగురితో గోడ కూల్చగల లైన్ అన్ని జట్లకూ ఉండదు.

2025 డిసెంబరులో ఛార్జర్స్ మ్యాచ్‌లో మహోమ్స్ మోకాలి లిగమెంట్ తెగింది. ఆ ఓటమితోనే ఛీఫ్స్ ప్లేఆఫ్స్ ఆశ కూడా పోయింది. ఆ రాత్రి మా గ్రూపులో పండగ చేసుకుంటారనుకున్నాను. డెన్వర్ వాడు మాత్రం, "అన్నా, ఇలా కాదు, మా వాళ్ల చేతిలో ఓడిపోవాలి వాడు" అని పెట్టాడు.