చుట్టుపెట్టెలో ఉన్నంత మాత్రాన ఆకారంలో ఉన్నట్టేనా? అపోహలు – వాస్తవాలు

విజయవాడలో భూముల పటాల డేటాబేసులతో పనిచేసే నాకు తరచుగా వచ్చే ప్రశ్న ఒకటే: ఫలానా ఇల్లు ఏ సర్వే నంబరు హద్దుల్లో పూర్తిగా ఇమిడి ఉంది?

అపోహ: కంప్యూటర్ వేగంగా ఉంటే ఆకారాలన్నింటినీ వరుసగా పరీక్షించవచ్చు.

ఒక్క ఇంటికైతే పరవాలేదు. లక్ష ఇళ్లను 10 లక్షల కమతాలతో సరిచూడాలంటే పరీక్షలు 10,000 కోట్లకు చేరతాయి.

అపోహ: ఇండెక్స్ చూపించిందే తుది సమాధానం.

నేను ఎక్కువగా సరిదిద్దవలసి వచ్చేది ఈ అపోహనే. ఇండెక్స్ అంటే అన్ని ఆకారాలనూ పరీక్షించకుండా త్వరగా వెతకడానికి చేసుకునే ఏర్పాటు. 1984లో ఆంటోనిన్ గట్‌మన్ ప్రతిపాదించిన ఆర్-ట్రీ అనే ఇండెక్స్ ప్రతి ఆకారం చుట్టూ ఒక దీర్ఘచతురస్రపు పెట్టెను ఊహించి, దగ్గరి పెట్టెలను కలిపి మరింత పెద్ద పెట్టెలలో పెడుతుంది. వెతికే ఇల్లు పెద్ద పెట్టెలోనే పట్టకపోతే దాని లోపలి చిన్న పెట్టెల్లో దేనిలోనూ పట్టదు కాబట్టి, ఆ కొమ్మనంతటినీ చూడకుండానే వదిలేయవచ్చు. వేగమంతా ఇక్కడే ఉంది. అయితే ఇది జల్లెడ మాత్రమే.

బందరు కాలువనే తీసుకోండి. విజయవాడ నుంచి మచిలీపట్నం వైపు ఆగ్నేయంగా ఐమూలగా సాగే ఆ సన్నని ఆకారానికి పెట్టె గీస్తే, కాలువ ఒడ్డున లేని గుడివాడ కూడా అందులో పడుతుంది. ఒకసారి నేను చూసిన జాబితాలో, కాలువకు ఎంతో దూరాన ఉన్న ఇళ్లు కాలువ హద్దులోనివిగా నమోదై ఉన్నాయి; జల్లెడ పట్టిన తరువాత అసలు ఆకారంతో సరిచూసే రెండో అంచెను ఎవరో వదిలేశారు. ఆ ఇళ్లలో మనుషులు ఉంటారు కనుక దీన్ని చిన్న పొరపాటుగా నేను చూడలేను.

అపోహ: ఇంటి మూలలన్నీ లోపలుంటే ఇల్లంతా లోపలే.

కమతం గుర్రపునాడాలా వంగి ఉంటే, మూలలు రెండు కొమ్ముల్లోనూ ఉండి గోడలు మధ్యలోని పరాయి నేల మీదుగా పోవచ్చు. అందువల్ల గోడల గీతలు హద్దును దాటుతున్నాయో లేదో చూడాలి. కమతం మధ్యలో వేరొకరి ముక్క ఉంటే అది ఇంటి కిందకు రాలేదనీ నిర్ధారించుకోవాలి.

అపోహ: హద్దు మీది బిందువు లోపలిదే.

ఇది మీరు అడిగే తీరును బట్టి ఉంటుంది. రెండు పొలాల ఉమ్మడి హద్దు గీతపై సరిగ్గా పాతిన రాయి ఎవరి పొలంలోదని పటాల డేటాబేసు సాఫ్ట్‌వేర్ అయిన పోస్ట్‌జీఐఎస్‌ను అడిగితే, అందులోని పరీక్షల్లో ఎస్‌టీ_కంటెయిన్స్ రెండు పొలాలకూ కాదంటుంది, ఎస్‌టీ_కవర్స్ రెండింటికీ అవునంటుంది.