న్యూకాసిల్‌లో ఇద్దరు ఆడనన్నారు, మధ్యలో 65 ఏళ్లు

2025 ఆగస్టు అంతా ఫుట్‌బాల్ చూసేవాళ్ల మధ్య ఒకటే గొడవ, ఇసాక్ అనే ప్లేయర్ గురించి. ముందు సీజన్‌లో ఇంగ్లండ్ క్లబ్ న్యూకాసిల్‌కి, ఆ దేశం పెద్ద లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లోనే 23 గోల్స్ కొట్టాడు, మార్చిలో లీగ్ కప్ ఫైనల్‌లో లివర్‌పూల్ మీద గోల్ కొట్టి 70 ఏళ్ల తర్వాత ఆ ఊరికి ఇంగ్లండ్‌లో ఒక పెద్ద కప్పు తెచ్చాడు, అలాంటోడు ఐదు నెలలు తిరక్కుండానే అదే లివర్‌పూల్‌కి పోతానని పట్టుబట్టి ఇక మీకు ఆడను అని టీమ్‌కి దూరంగా కూర్చున్నాడు. కాంట్రాక్ట్ చూస్తే 2028 దాకా ఉంది. నాకు మాటిచ్చి తప్పారని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు, మేం ఏ మాటా ఇవ్వలేదని క్లబ్ వెంటనే జవాబిచ్చింది, చివరికి సెప్టెంబర్ 1న, ప్లేయర్లు క్లబ్ మారే గడువు అయిపోయే రోజు, 12.5 కోట్ల పౌండ్లకి వెళ్లిపోయాడు. బ్రిటన్ క్లబ్‌లు కట్టిన వాటిలో అదే రికార్డు.

మా ఫ్రెండ్స్‌లో కూడా రెండు పార్టీలు అయిపోయాయి, ఎవరూ తగ్గలేదు. ఎక్కువమంది అన్నది మాత్రం ఒకటే, ఈ కాలం ప్లేయర్ల యాటిట్యూడ్ పాడైపోయింది, పాతరోజుల్లో ఒక్క క్లబ్‌కే జీవితం ఇచ్చేసేవాళ్లు, ఇప్పుడు డబ్బు తప్ప ఏం కనపడదు అని. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పాతరోజుల్లో వాళ్లు వెళ్లకపోవడానికి కారణం చాలాసార్లు ప్రేమ కాదు, వెళ్లే దారి లేకపోవడం. ఆ దారి ఎలా మూసేశారో, ఎలా తెరుచుకుందో, తెరుచుకున్నాక ఏ లీగ్ లేచింది ఏ లీగ్ పడింది అనేది తెలియకుండా ఇసాక్ మంచోడా చెడ్డోడా అని తేల్చలేం.

ఇంగ్లండ్‌లో డబ్బు తీసుకుని ఆడటాన్ని 1885లో ఒప్పుకున్నారు, 1888లో 12 క్లబ్‌లతో లీగ్ మొదలైంది, 1893లో అసలు రూల్ వచ్చింది. రూల్ చాలా సింపుల్. ప్లేయర్ పేరు ఏ క్లబ్ దగ్గర రిజిస్టర్ అయితే ఆ క్లబ్‌దే, కాంట్రాక్ట్ అయిపోయినా సరే ఆ రిజిస్ట్రేషన్ క్లబ్ చేతిలోనే ఉంటుంది, వాళ్లు వదిలితేనే ఇంకో క్లబ్‌కి ఆడాలి. వదలకపోతే? ఇంట్లో కూర్చోవాలి, జీతం లేకుండా. ఇది చాలదన్నట్టు 1901 నుంచి వారానికి 4 పౌండ్లకి మించి ఇవ్వకూడదని ఇంకో రూల్. అంటే జీతం ఎవరిదైనా ఆ గీత దాటదు, కానీ ప్లేయర్‌ని అమ్ముకునే ధరకి ఏ గీతా లేదు, 1905లో ఆల్ఫ్ కామన్‌ని సండర్లాండ్ నుంచి మిడిల్స్‌బరో 1000 పౌండ్లకి కొంటే మనిషికి ఇంత ధర కట్టడమేంటని దేశమంతా నోరెళ్లబెట్టింది. ఆ వెయ్యి వెళ్లింది క్లబ్‌కి. ప్లేయర్ జీతం మాత్రం ఆ గీత కిందే.

ఒక్క క్లబ్‌కే జీవితం ఇచ్చేసిన మహానుభావుల లిస్టు తీస్తే అందులో టామ్ ఫిన్నీ పేరు కచ్చితంగా ఉంటుంది, జీవితమంతా ప్రెస్టన్ అనే ఒక్క టీమే. నిజంగా గొప్ప ప్లేయర్, గొప్ప మనిషి కూడా, అందులో డౌట్ లేదు. కానీ 1952లో ఇటలీలో పలెర్మో క్లబ్ వాళ్లు 10,000 పౌండ్లు, పైన ఇల్లు, కారు ఇస్తాం రమ్మన్నారు, అప్పటికి ఇంగ్లండ్‌లో గరిష్ఠ జీతం వారానికి 14 పౌండ్లు. ప్రెస్టన్ వదల్లేదు, అంతే, కథ అయిపోయింది. ఆయన ప్లంబింగ్ పని కూడా చేసుకుంటూ ఆడాడు. మనం లాయల్టీ అని పేరు పెట్టుకున్న దాంట్లో ఎంత భాగం ఆయన ఇష్టం, ఎంత భాగం క్లబ్ బీరువాలో ఉన్న కాగితం అనేది ఎవరైనా ఆలోచించారా?

ఇక్కడ ఒక చిన్న పక్కదారి పట్టాలి, ఎందుకంటే సౌదీ లీగ్ డబ్బు చూపించి స్టార్లని లాక్కెళ్లడం మొదలుపెట్టాక ఇలాంటిది ఫుట్‌బాల్‌లో ఎప్పుడూ జరగలేదు అనేవాళ్లు చాలామంది ఉన్నారు. జరిగింది, కొలంబియాలో. 1948లో అర్జెంటీనాలో ప్లేయర్లు సమ్మె చేశారు, అదే సమయానికి కొలంబియాలో కొత్త ప్రొఫెషనల్ లీగ్ పెట్టారు, అది ప్రపంచ ఫుట్‌బాల్‌ని నడిపే ఫిఫా గొడుగు బయట ఉంది కాబట్టి ట్రాన్స్‌ఫర్ ఫీజు, అంటే ప్లేయర్‌ని వదిలినందుకు పాత క్లబ్‌కి కట్టే ధర, ఎవరికీ ఒక్క పైసా కట్టక్కర్లేదు, నేరుగా ప్లేయర్ చేతిలోనే పెట్టొచ్చు. అలా 1949లో అర్జెంటీనా స్టార్ డిస్టెఫానో అంతటోడు మిల్లోనారియోస్ క్లబ్‌కి వెళ్లాడు. 1950లో ఇంగ్లండ్ నుంచి కూడా వెళ్లారు, స్టోక్ డిఫెండర్ నీల్ ఫ్రాంక్లిన్ వరల్డ్ కప్ కూడా వదులుకుని వెళ్లాడు, మాంచెస్టర్ యునైటెడ్ వింగర్ చార్లీ మిట్టెన్ వెళ్లాడు. అప్పుడు ఇంగ్లండ్‌లో జీతం 12 పౌండ్లు, అక్కడ దానికి ఎన్నో రెట్లు. 1951లో లిమాలో రాజీ కుదిరి 1954 కల్లా ప్లేయర్లని తిరిగి పంపాలని తేల్చారు, ఆ లీగ్ వెలుగు అక్కడితో అయిపోయింది. మిట్టెన్ ముందే ఇంటికొచ్చేస్తే జరిమానా వేశారు, ఆరు నెలలు ఆడొద్దన్నారు, బొగొటా బందిపోటు అని పేరు కూడా పెట్టారు. ఈ మిట్టెన్ పేరు గుర్తుపెట్టుకోండి.

1960లోకి వద్దాం. న్యూకాసిల్‌లో జార్జ్ ఈస్ట్‌హామ్ అని ఒక ఇన్‌సైడ్ ఫార్వర్డ్, అంటే ముందు వరసలో ఆడేవాడు. క్లబ్ ఇచ్చిన ఇల్లు బాలేదు, చూపిస్తామన్న పక్క ఉద్యోగం సరిగ్గా లేదు, కాంట్రాక్ట్ అయిపోయింది, కొత్తది సైన్ చెయ్యను పంపించండి అన్నాడు. క్లబ్ పంపను అంది. 1893 రూల్ ప్రకారం క్లబ్‌దే రైటు. ఈస్ట్‌హామ్ ఏం చేశాడంటే న్యూకాసిల్ వదిలేసి దక్షిణానికి పోయి తెలిసినాయన దగ్గర కార్క్ అమ్మే ఉద్యోగంలో చేరాడు. ఇంగ్లండ్‌కి ఆడగల మనిషి నెలల తరబడి కార్క్ అమ్ముకున్నాడు, ఎందుకంటే బయట ఏ పనైనా చేసుకోవచ్చు, ఫుట్‌బాల్ మాత్రం ఆడకూడదు. చివరికి ఆ ఏడాదే క్లబ్ దిగొచ్చి 47,500 పౌండ్లకి ఆర్సెనల్‌కి ఇచ్చింది.

అప్పుడు న్యూకాసిల్ మేనేజర్ ఎవరో తెలుసా? చార్లీ మిట్టెన్. పదేళ్ల ముందు ఇదే రూల్ కాదని బొగొటా పారిపోయిన మనిషి, ఇప్పుడు ఆ రూల్ పట్టుకుని కూర్చున్న క్లబ్‌కి మేనేజర్. ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పట్లేదు, ఏ ప్లేయర్‌ని ఆపాలా వదలాలా అన్నది డైరెక్టర్ల చేతిలో పని. కానీ ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు దాని గురించే ఆలోచించాను. మనిషి స్వభావం కన్నా మనిషి ఎటువైపు కుర్చీలో కూర్చున్నాడన్నదే ఎక్కువ మాట్లాడుతుందేమో అనిపించింది.

ఆర్సెనల్‌కి వెళ్లిపోయాడు కాబట్టి ఈస్ట్‌హామ్ అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ప్లేయర్ల యూనియన్ వెనక నిలబడితే కోర్టుకెళ్లాడు, 1963లో జస్టిస్ విల్బర్‌ఫోర్స్ తీర్పిచ్చారు, కాంట్రాక్ట్ అయిపోయినవాడిని ఇలా పట్టి ఉంచడం అతని బతుకుతెరువుని అన్యాయంగా అడ్డుకోవడమే అని. ఈలోపు 1961 జనవరిలో జిమ్మీ హిల్ నాయకత్వంలో యూనియన్ సమ్మె చేస్తామని బెదిరిస్తే గరిష్ఠ జీతం రూల్ కూడా పోయింది, 20 పౌండ్ల దగ్గర ఆగిపోయిన జీతం ఫుల్‌హామ్‌లో జానీ హేన్స్‌కి ఒక్కసారిగా 100 అయింది. అయినా మొత్తం గెలిచినట్టు కాదు, కాంట్రాక్ట్ అయిపోయినా ట్రాన్స్‌ఫర్ ఫీజు అడిగే హక్కు క్లబ్‌లకి ఇంకా ఉంది.

దాన్ని కొట్టిపారేసింది బెల్జియంలో పెద్దగా ఎవరికీ తెలియని బోస్‌మన్ అనే ప్లేయర్. లీజ్ క్లబ్‌తో 1990లో కాంట్రాక్ట్ అయిపోయింది, కొత్త కాంట్రాక్ట్‌లో జీతం నాలుగో వంతుకి దించేశారు, ఫ్రాన్స్‌లో డంకర్క్ క్లబ్ రమ్మంటే లీజ్ వాళ్లు ఫీజు దగ్గర అడ్డం తిరిగారు. ఐదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాడు, కెరీర్ మొత్తం అందులోనే కరిగిపోయింది. 1995 డిసెంబర్ 15న యూరప్ కోర్టు రెండు మాటలు చెప్పింది, కాంట్రాక్ట్ అయిపోతే ఫీజు లేకుండా వెళ్లొచ్చు, యూరోపియన్ యూనియన్ దేశాల ప్లేయర్లని ఫారినర్ల కోటాలో, అంటే టీమ్‌లో ఇంతమందే విదేశీయులు ఉండాలన్న లెక్కలో, కలపకూడదు. ఇవాళ కోట్లు తీసుకునే ప్రతి ప్లేయర్ జీతంలోనూ ఆయన చెమట ఉంది, ఆయనకి మాత్రం మిగిలింది కష్టాలే, తాగుడు, అప్పులు. ఆ అన్యాయం నన్ను ఇప్పటికీ వదలదు.

లీగ్‌ల బలం గొడవ మొత్తం ఈ తీర్పు దగ్గరే రెండుగా చీలుతుంది. దానికి ముందు రాజ్యం ఇటలీది. 1966 వరల్డ్ కప్‌లో ఉత్తర కొరియా చేతిలో ఓడిపోయాక ఫారినర్లకి తలుపు మూసేసి 1980లో మళ్లీ తెరిచారు, ఆ తర్వాత ప్లాటినీ, జికో, 1984లో నపోలికి మారడోనా, 1987లో మిలాన్‌కి గుల్లిట్, ప్రపంచ రికార్డ్ ఫీజులు దాదాపు అన్నీ అక్కడే. 1990లో యూరప్‌లో ఉన్న మూడు కప్పులూ ఇటలీ క్లబ్‌లే ఎత్తుకెళ్లాయి, మిలాన్, సంప్‌డోరియా, యువెంటస్. అదే 1990లో ఫ్లోరెన్స్ ఊరి క్లబ్ ఫియొరెంటినా వాళ్లు తమ స్టార్ బాజ్జోని యువెంటస్‌కి అమ్మేస్తే ఫ్లోరెన్స్ వీధుల్లో అల్లర్లు జరిగాయి. తర్వాతి ఏడాది పాత ఊరికి వచ్చి ఆడినప్పుడు బాజ్జో పెనాల్టీ కొట్టనన్నాడు, మైదానం నుంచి బయటికొస్తూ ఫ్యాన్స్ విసిరిన పాత క్లబ్ ఊదారంగు స్కార్ఫ్ తీసుకున్నాడు. ఫియొరెంటినా వాళ్లకి అది ప్రేమ, యువెంటస్ వాళ్లకి అది ద్రోహం. యాటిట్యూడ్ అనే మాటకి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు, ఒకే మనిషి ఒకే పని, స్టాండ్ మారితే అర్థం మారిపోతుంది.

ఇక తీర్పు తర్వాత. 1995 మేలో వియన్నాలో మిలాన్‌ని 1-0తో ఓడించి యూరప్ కప్పు గెలిచిన నెదర్లాండ్స్ క్లబ్ అయాక్స్ టీమ్‌ని తల్చుకోండి, సగం మంది ఆ క్లబ్ పెంచిన కుర్రాళ్లే. ఏడాది తిరిగేసరికి డేవిడ్స్, రైజిగర్, ఇంకో ఏడాదికి ఆ ఫైనల్‌లో గోల్ కొట్టిన క్లైవర్ట్, అందరూ ఫీజు లేకుండా అదే మిలాన్‌కి. ప్లేయర్ల స్వేచ్ఛ నాకు ముఖ్యం, కానీ దాని ఖర్చు ఎవరు కట్టారో కూడా చెప్పాలి కదా, నెదర్లాండ్స్, బెల్జియం, పోర్చుగల్, సెర్బియా లాంటి లీగ్‌లు కట్టాయి. 1991లో రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్ యూరప్ ఛాంపియన్. ఇప్పుడు ఆ మాట చెప్తే పిల్లలు నమ్మరు. 1996 నుంచి 2025 దాకా ఆ యూరప్ కప్పు, అంటే ఛాంపియన్స్ లీగ్, గెలిచినవాళ్లలో స్పెయిన్, ఇంగ్లండ్, ఇటలీ, జర్మనీ బయట నుంచి వచ్చింది ఇద్దరే, 2004లో పోర్చుగల్ క్లబ్ పోర్టో, 2025లో పారిస్ క్లబ్ పీఎస్‌జీ.

ఆ పీఎస్‌జీ ఆడే ఫ్రాన్స్ లీగ్‌ని ఫార్మర్స్ లీగ్ అని వెక్కిరించేవాళ్లు. ఆ మాటే నాకు నచ్చదు, రైతు అనేది తిట్టు ఎలా అవుతుందో రైతుల ఇళ్లలోంచి వచ్చిన మనకి అర్థం కాదు. సరే, ఆ సీజన్‌లో మాంచెస్టర్ సిటీ, లివర్‌పూల్, ఆస్టన్ విల్లా, ఆర్సెనల్, నాలుగు ఇంగ్లిష్ టీమ్‌లని దాటుకుని ఫైనల్‌లో ఇటలీ క్లబ్ ఇంటర్‌ని 5-0 కొట్టారు. దాంతో ఫ్రాన్స్ లీగ్ బలమైపోయిందా అంటే లేదు, ఒక్క క్లబ్ బలం, అదీ ఖతార్ డబ్బు. ప్రీమియర్ లీగ్ బలం వేరే రకం, 1992లో మొదలైనప్పుడే టీవీ డబ్బు ఐదేళ్లకి 30.4 కోట్ల పౌండ్లు, ఇప్పుడు నడుస్తున్న నాలుగేళ్ల డీల్ ఒక్క బ్రిటన్ టీవీదే 670 కోట్లు, అందులో పెద్ద భాగం కింది టీమ్‌లకి కూడా పంచుతారు. అందుకే అక్కడ పదహారో ప్లేస్ క్లబ్ కూడా వేరే దేశం స్టార్‌ని కొనగలుగుతుంది.

పెంచిన ప్లేయర్లు బయటికెళ్లిపోయే ఈ నొప్పి మన హైదరాబాద్‌కి కొత్త కాదు. కోచ్ రహీం సాబ్ తయారుచేసిన సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ వరసగా ఐదుసార్లు గెలిచింది, అప్పుడు కలకత్తా పెద్ద క్లబ్‌లు మనవాళ్లని చూసి జంకేవి. తర్వాత? సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లాడు, ఆఖరికి ఆ కలకత్తా పక్కనే స్థిరపడిపోయాడు. నయీముద్దీన్, హబీబ్, అక్బర్, అందరిదీ అదే రైలు. హబీబ్ అయితే ఉద్యోగాలు ఇస్తామన్నా వద్దని ఆటనే నమ్ముకున్నాడు, 1977లో పెలేతో వచ్చిన అమెరికా క్లబ్ కాస్మోస్ మీద కలకత్తా క్లబ్ మోహన్ బగాన్‌కి గోల్ కొట్టినవాళ్లలో ఆయన ఒకడు. వీళ్లని ద్రోహులని హైదరాబాద్‌లో ఎవరూ అనలేదు, మావాళ్లే అని ఇప్పటికీ చెప్పుకుంటాం. కానీ ఇక్కడి లీగ్ పలచబడిపోయింది, అదీ నిజమే.

మళ్లీ న్యూకాసిల్‌కి వస్తే, ఇసాక్‌ది ఈస్ట్‌హామ్ కేసు కాదు, ఆ తేడా చెప్పకపోతే తప్పు. ఈస్ట్‌హామ్ కాంట్రాక్ట్ అయిపోయింది, ఇసాక్‌ది మూడేళ్లు మిగిలింది, జీతం కూడా అందుతూనే ఉంది. ఆడనని కూర్చోవడం తప్పనే నేను అంటాను. కానీ ఆ క్లబ్‌లో 2021 నుంచి పెద్ద వాటా సౌదీ ప్రభుత్వ ఫండ్‌ది, అదే ఫండ్ 2023లో సౌదీలో నాలుగు క్లబ్‌లు చేతిలోకి తీసుకుని యూరప్ నుంచి ప్లేయర్లని తీసుకెళ్లింది, అలాంటి చోట నీతి ఒక్క ప్లేయర్ దగ్గరే ఉండాలని ఎలా అడుగుతాం?

ఇసాక్ వెళ్లే ముందే న్యూకాసిల్ స్టుట్‌గార్ట్ నుంచి వోల్టెమాడెని తెచ్చింది, దాదాపు ఏడు కోట్ల పౌండ్లు. అతను ఏడాది ముందే వెర్డర్ బ్రెమెన్‌లో కాంట్రాక్ట్ అయిపోయి ఫ్రీగా స్టుట్‌గార్ట్‌కి వచ్చినవాడు, పెంచిన బ్రెమెన్‌కి ట్రాన్స్‌ఫర్ ఫీజుగా ఒక్క పైసా రాలేదు. ఇసాక్ వెళ్లిన రోజే బ్రెంట్‌ఫర్డ్ నుంచి విస్సా వచ్చాడు, ఐదున్నర కోట్ల దాకా. విస్సా కూడా ఆ ఆగస్టంతా బ్రెంట్‌ఫర్డ్‌కి ఆడకుండా, నన్ను వదిలేయండని బయటికే స్టేట్‌మెంట్ ఇచ్చినవాడే. ఇసాక్‌ని నెల రోజులు తిట్టిన న్యూకాసిల్ ఫ్యాన్స్ విస్సాకి స్వాగతం చెప్పారు, లండన్‌లో బ్రెంట్‌ఫర్డ్ ఫ్యాన్స్ అవే తిట్లు మొదలుపెట్టారు.