పాత జర్మన్ పక్షి పుస్తకాలు: అపోహలు - వాస్తవాలు

పక్షుల బొమ్మలు గీయడం నా వృత్తి. 18వ శతాబ్దపు జర్మన్ పక్షి పుస్తకాల ప్రస్తావన వస్తే చాలు, ఈ మాటలు తప్పక వినిపిస్తాయి.

అపోహ: అవి రంగుల్లో అచ్చయిన బొమ్మలు.

వాస్తవం: అచ్చు పడింది నల్లగీతలే. రాగిరేకు మీద చెక్కి, సిరా పట్టించి కాగితం మీద ఒత్తేవారు. రంగులు మాత్రం ప్రతి కాపీలోనూ కుంచెతో విడిగా అద్దాల్సిందే. అందుకే ఒకే పిట్ట ఒక ప్రతిలో ముదురుగా, మరోదానిలో పాలిపోయి కనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో ఒక్క స్కాన్ చూసి చిత్రకారుణ్ని తప్పుపట్టకండి.

అపోహ: రాసినవారంతా జంతుశాస్త్ర ఆచార్యులు.

వాస్తవం: యోహాన్ లియోన్‌హార్డ్ ఫ్రిష్ (1666-1743) బెర్లిన్‌లో బడిపంతులు, నిఘంటుకర్త. 1733లో ఆయన మొదలుపెట్టిన పుస్తకానికి కొడుకులు రేకులు చెక్కారు. ఆయన పోయిన 20 ఏళ్లకు, 255 బొమ్మలతో అది పూర్తయింది. యోహాన్ ఆండ్రియాస్ నౌమాన్ అయితే రైతు.

అపోహ: బొమ్మలే తప్ప వీరి దగ్గర శాస్త్రం లేదు.

వాస్తవం: నన్ను బాగా ఉడికించే మాట ఇది. స్వాలో పిట్టలు, అంటే మన వానకోవెలల జాతివి, చలికాలమంతా చెరువుల అడుగున నిద్రపోతాయని యూరప్‌లో చాలామంది నమ్మేవారు. జీవులకు పేర్లు పెట్టిన లినేయస్ అంతటివాడే నమ్మాడు! ఫ్రిష్ వాటి కాళ్లకు ఎర్రదారం కట్టారు. నీళ్లు తగిలితే వెలిసిపోయే రంగు అది. మరుసటి ఏడాది పిట్టలు తిరిగొచ్చాయి, దారం ఎర్రగానే ఉంది. నెలల తరబడి నీళ్లలో నానితే ఆ రంగు నిలిచేదా? రాకపోకలు తెలుసుకోవడానికి పక్షుల కాళ్లకు అల్యూమినియం ఉంగరాలు తొడగడం డెన్మార్క్‌లో మొదలైంది 1899లో. పంతులుగారి దారం అంతకు ఒకటిన్నర శతాబ్దం ముందుది.

అయితే అవి ఎక్కడికి వెళ్లి వచ్చాయో దారం చెప్పలేదు. వలసకు కళ్లెదుటి సాక్ష్యం 1822లో జర్మనీలోని మెక్లెన్‌బర్గ్‌లో దొరికింది, మెడలో ఆఫ్రికా ఈటెతో తిరిగొచ్చిన కొంగ రూపంలో.

అపోహ: బతికున్న పిట్టను ఎదురుగా పెట్టుకుని గీశారు.

వాస్తవం: ఎక్కువగా చచ్చినవే. అందుకే చాలా బొమ్మల్లో బిగుసుకుపోయిన నిలుపు. ప్రాణం పోగానే ముక్కు, కాళ్లు, కళ్ల రంగులు మారిపోతాయి కాబట్టి నేను ఈకలను నమ్మినంతగా కాళ్లను నమ్మను. ఆ రైతు కొడుకు యోహాన్ ఫ్రీడ్రిష్ నౌమాన్ మాత్రం వేరు. 1820-1844 మధ్య జర్మనీ పక్షుల మీద 12 సంపుటాలు వెలువరించారు, బొమ్మలు తానే గీసి తానే రేకులు చెక్కారు. చిన్ననాటి నుంచి పొలాల్లో పిట్టల వెంట తిరిగిన చెయ్యి అది. ఆయన సేకరించిన పక్షులను కోటెన్ పట్టణపు కోటలో ఇప్పటికీ చూడవచ్చు.